రెండోసారి అడగని ఊరు

ఓడకు ఇరవై మూడు రోజులు

సముద్రం మీది మా తెప్పపట్నంలో, మేముండే మూడో తెప్ప మీద ఒక పుకారు తిరుగుతోంది. పేరి ఇందుమతి అనే నేనూ, ఎదురు గది బే మల్సున్ గారూ సోయా ముద్దల కంపు విషయమై పోట్లాడుకున్నామట. అందుకే నేను ఆమె గడప తొక్కడం మానేశానట. ఇది అబద్ధం. ఆ ముద్దలను నా బాల్కనీలో పులియబెట్టి ఆరవేసుకోమని ఆరేళ్ళ కిందట నేనే చెప్పాను. గాలి అటునుంచి వీచిన రోజున నా చీరలకు ఆ వాసన పడుతుంది. నాకు అభ్యంతరం లేదు. డెబ్బై తొమ్మిదేళ్ళ వయసులో నేను ఎవరితోనైనా పోట్లాడదలిస్తే అంతకంటే మంచి కారణమే వెతుక్కుంటాను.

నేను ఆమె గడప తొక్కకపోవడానికి కారణం చట్టం. ఆ చట్టం సంగతి పుకారు పుట్టించినవాళ్ళకు నాకంటే ఎక్కువ తెలిసే అవకాశం లేదు. దాన్ని రాసినది నేను.

జరిగినది వరసగా రాస్తాను.

సోమవారం ఉదయం నేను మల్సున్ గదిలో కూర్చుని మొలకల తోకలు తుంచుతున్నాను. ఆమె నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మొదటిసారి కలిసినప్పుడు నా పేరు కంటే ముందు నా వయసు అడిగి, లెక్క తేల్చుకుని, "అయితే నన్ను ఒన్నీ అను" అంది. కొరియా ఆడవాళ్ళు తమకంటే పెద్దదైన ఆడదాన్ని పిలిచే పిలుపు అది, మనం అక్కా అన్నట్టు. ఎవరు పెద్దో, ఎవరు చిన్నో తేలనిదే ఆమెకు మాట సాగదు. ఊళ్ళో అందరూ చెవిపూస పెట్టుకుంటారు, ఏ దేశపు మాటైనా తమ భాషలో వింటారు. విశాఖలో ముప్పై రెండేళ్ళు తూర్పు ఆసియా భాషలు బోధించినదాన్ని గనుక నాకు ఆ పూస అవసరం లేదు. మల్సున్‌ది దక్షిణ తీరపు జాలరిపల్లె యాస. దాన్ని మా విజయనగరం వైపు మాటలోకి దించి రాస్తేనే ఆమె గొంతు కొంతైనా వినిపిస్తుంది.

నమోదు కార్యాలయం నుంచి గుడిమెట్ల ప్రవల్లిక వచ్చింది. కాకినాడ వైపు పిల్ల. జవాబు నమోదు కాగానే పచ్చగా వెలిగే బిళ్ళ ఛాతీ మీద పెట్టుకుని ఉంది.

"కూసో తల్లీ. తిన్నావా? ఎన్నేళ్ళు నీకు?" అంది మల్సున్.

"ఆయ్, తిన్నానండి. ఇరవై ఏడండి." కూర్చుని బిళ్ళ సర్దుకుంది. "మల్సున్ గారూ, ఈసారి ఓడలో మీకొక ఊపిరితిత్తుల పొర కేటాయించారండి. కావాలా, వద్దా అండి?"

నాచు ఆరబెట్టే కొట్లలో పనిచేసినవాళ్ళకు ఊపిరితిత్తులు లోపలినుంచి గట్టిపడిపోతాయి. మల్సున్ ఆ కొట్లలో పందొమ్మిదేళ్ళు పనిచేసింది. ఏడాదికొకసారి వచ్చే ఓడ పదకొండు పొరలనూ, వాటిని అతికించే వైద్యుణ్ణీ తెస్తుంది. పొర అతికితే మరో పదేళ్ళు ఊపిరి ఆడుతుంది. పొర లేకపోతే మల్సున్‌కు పై ఏడాది ఓడ దాకా గడువు లేదని వైద్యశాలలో చెప్పారు.

"నాకేటికి తల్లీ," అంది ఆమె నవ్వుతూ, రెండు చేతులతో బార్లీ టీ కప్పు ముందుకు జరుపుతూ. "ఎనభై మూడు నిండాయి. కుర్రోళ్ళకిచ్చుకోండి. నానింకెన్నాళ్ళుంటాను?"

బిళ్ళ పచ్చగా వెలిగింది. ప్రవల్లిక "అలాగేనండి, ధన్యవాదాలండి" అని లేచి, నమస్కారం పెట్టి, టీ ముట్టకుండానే వెళ్ళిపోయింది. రెండు నిమిషాలు పట్టలేదు.

మల్సున్ తలుపు వంక చూస్తూ కూర్చుంది. కప్పులో టీ చల్లారితే పారబోసి మళ్ళీ వేడిది పోసింది.

"సిగ్గుపడిపోనాది గుంట," అంది. "మళ్ళీ వస్తాది."

"రాదు ఒన్నీ. జవాబు మార్చుకోవడానికి ఒక గంట ఉంటుంది. కావాలనుకుంటే ఇప్పుడే వెళ్ళి చెప్పు."

గంట సంగతి గుర్తు చేయడానికి చట్టం అనుమతిస్తుంది. అంతకుమించి ఒక్క మాట కూడా అనుమతించదు.

"ఒలే, మతుండే మాటాడుతున్నావా?" అంది. "ఇస్తామన్నారో లేదో సెయ్యి సాపీడమా? మా యమ్మ నన్నలా పెంచినాదా? అడగనీ. రెండోపాలి అడుగుతాది, మూడోపాలి అడుగుతాది. తొందరేటి?"

చట్టం ఎలా ఉన్నా, పెద్దవాళ్ళను మళ్ళీ అడగకుండా ఎవరూ ఉండలేరని ఆమె నమ్మకం. గంట గడిచింది. ఆ గంటలో ఆమె టీ మూడుసార్లు వేడిచేసింది. నేను మొలకలన్నీ తుంచి పూర్తిచేశాను.

మరునాడు ఉదయం నా తలుపుకు నోటీసు అంటించారు. మల్సున్ గారు వద్దన్న పొర వరసలో తర్వాతిదాన్నైన నాకు వస్తుందట. ఊరికి వచ్చిన కొత్తలో నేనూ ఆ కొట్లలో పనిచేశాను గనుక నా ఊపిరితిత్తులు కూడా గట్టిపడుతున్నాయి గాని, అంత తొందర లేదు. అందువల్ల ఓడ వెళ్ళిపోయేదాకా నేను ఆమె గడప దాటకూడదు, ఆ విషయం ఆమె దగ్గర ఎత్తకూడదు. వరసలో నా పేరు తర్వాతిదని సోమవారం నాకు తెలియదు. ఎవరూ అడగలేదు గాని, తెలియదనే ఇక్కడ రాసి పెడుతున్నాను.


ఓడకు ఇరవై ఒక్క రోజులు

నమోదు కార్యాలయానికి వెళ్ళాను. ప్రవల్లిక నన్ను చూడగానే లేచి నిలబడింది.

"ఆవిడ వద్దన్నది మర్యాదకు," అన్నాను. "నువ్వు మళ్ళీ వెళ్ళి అడగాలి."

"అమ్మగారూ, రెండోసారి అడిగితే నా బిళ్ళ తీసేస్తారండి."

"తెలుసు."

"మీరు రాసిందేనండి." గోడ వంక చూపించింది. అక్కడ పెద్ద అక్షరాలతో ఉంది: వద్దు అన్న మాటను వద్దుగానే వినడం మర్యాద. పదేళ్ళ కిందట సభలో నేనన్న మాట. "మాకు శిక్షణలో ఇదే మొదటి పాఠమండి. మా బ్యాచ్‌లో అందరికీ మీరంటే భక్తి. మా పెద్దమ్మని చివరిదాకా ఆసరా గూటికి పొమ్మని ఎవరూ వేధించలేదంటే మీ చట్టం వల్లేనండి."

ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంది. నాకు కాస్త గర్వం కలిగింది కూడా. ఆ గర్వం సిగ్గుగా మారడానికి మెట్లు దిగినంత సేపు పట్టింది.

చట్టం ఎందుకు రాశానో ఇక్కడ చెప్పాలి. నాకు పెళ్ళి వద్దని ఇరవై రెండో ఏట ఒకసారి చెప్పాను. ఆ ప్రశ్నను నలభై ఏళ్ళపాటు అందరూ మళ్ళీ మళ్ళీ అడిగారు. పిన్నమ్మలు అడిగారు, ప్రిన్సిపాల్ అడిగాడు, రైల్లో ఎదురు బెర్తులో కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి విజయవాడ నుంచి తుని దాకా అడిగాడు. తెప్పపట్నం వచ్చాక ఒంటరి ముసలివాళ్ళను ఆసరా గూళ్ళకు తరలించే అధికారులు పట్టుకున్నారు. వారానికి రెండుసార్లు పళ్ళు పట్టుకుని వచ్చేవారు, "మళ్ళీ ఒకసారి ఆలోచించండి మేడమ్" అనేవారు. నాతోపాటు నలుగురైదుగురు ఆ మాట పడలేక చివరికి సరేనన్నారు. వాళ్ళలో ఇద్దరు ఆ ఏడే పోయారు. అప్పుడు నేను పూనుకున్నాను. ఏ విషయంలోనైనా ఎవరినైనా ఒకసారే అడగాలి. రెండోసారి అడగడం ఒత్తిడి. ఒత్తిడి నేరం.

అప్పటికి నేను ముప్పై రెండేళ్ళపాటు తరగతిలో ఏడో పాఠం చెప్పి ఉన్నాను. ఆతిథ్యం గురించిన సంభాషణ పాఠం అది. ఒకరు అతిథిగా, ఒకరు ఇంటివారుగా నిలబడాలి. కొరియా పాఠమైనా, చైనా పాఠమైనా ఇంటివారు మూడుసార్లు అడగాలి, అతిథి రెండుసార్లు వద్దనాలి. మొదటిసారే తీసుకున్న విద్యార్థికి రెండు మార్కులు కోసేదాన్ని. "ఆ తీరాల భాషలు నిఘంటువులో ఉండవు," అని చెప్పేదాన్ని, "కప్పు ఎవరు నింపుతారో, ఎవరు ఎంతసేపు ఆగుతారో, అందులో ఉంటాయి." వాళ్ళు రాసుకునేవారు. చట్టం రాస్తున్నప్పుడు ఆ పాఠం నాకు గుర్తు రాకపోలేదు. అది వెనకటి కాలపు మొహమాటమని, మొహమాటాన్ని చట్టం మోయనక్కర్లేదని అనుకున్నాను.

తిరిగి వచ్చేముందు ప్రవల్లికను ఇంకొకటి అడిగాను.

"నా వంతు నేను వద్దంటే పొర వెనక్కి ఆవిడకు వెళుతుందా?"

"వెళ్ళదండి. మీ తర్వాత రెండో తెప్ప ఆయనకి వెళ్తుందండి." గొంతు తగ్గించి, "మీరు జవాబివ్వడానికి ఓడకి ఎనిమిది రోజుల ముందుదాకా గడువుందండి," అంది.

అంటే నేను నోరు మూసుకున్నంత కాలం ఆ పొర ఎవరికీ చెందదు. ప్రస్తుతం నేను చేయగలిగినది అంతే.


ఓడకు పద్దెనిమిది రోజులు

గడప దాటకూడదన్నారు గాని బట్టలారవేసే డాబా అందరిదీ. మల్సున్ అక్కడికి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. మెట్లు ఎక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. మాటకూ మాటకూ మధ్య దమ్ము తీసుకుంటోంది.

"గది కడిగీసినాను," అంది. "కొత్త కప్పులు తీసినాను. పెళ్ళినాటివి. మనాయన ముట్టనిచ్చీవోడు కాదు."

ఆమె మాటల్లో నా అనేది లేదు. మన ఇల్లు, మన ఊరు, చివరికి మొగుడు కూడా మనాయనే. వచ్చిన కొత్తలో చెవిపూస పెట్టుకున్న కుర్రదొకతె ఇది విని, మల్సున్ గారి భర్తకు ఇంకో భార్య ఉందని మూడో తెప్పంతా చాటింది. ఆ సంగతి తెలిసి మల్సున్ రెండు రోజులు నవ్వింది.

"కప్పులెందుకు ఒన్నీ?"

"ఆ గుంట రాదేటి మళ్ళీ? పనెక్కువున్నాదేమో పాపం." చీర కొంగు తాడుకు గుచ్చడంలో నాకు సాయం చేసింది. "రెండోపాలి అడిగినప్పుడు కూడా వద్దంటాను. ఈపాలి కాసింత నెమ్మదిగా అంటాను, సూడు. మూడోపాలి అడిగినాక, ఏటి సేస్తాం, మీరింత సెప్తన్నారు, మీ మాట తీసీలేక, అనీసి తీసుకుంటాను." ఆ చివరి మాట అంటూ తల వంచి రెండు చేతులూ చాపి చూపించింది. సాధన చేసినట్టుంది. చాలా అందంగా వచ్చింది. నా తరగతిలో అయితే పూర్తి మార్కులు పడేవి.

నేను తాడు మీద క్లిప్పులు పెడుతున్నాను. స్తంభానికి ఉన్న చిన్న గాజు కన్ను మమ్మల్ని చూస్తోంది.

"బతకాలని ఉందా ఒన్నీ?" అనలేదు. "ఎండ బాగుంది," అన్నాను.

"బాగున్నాది," అంది. ఆ తర్వాత చాలాసేపు దగ్గింది. దగ్గు ఆగాక, మనవడికి రాబోయే వసంతంలో కూతురు పుడుతుందని, ఆ పిల్లకు నూరు రోజుల పండగకు బియ్యప్పిండి కుడుములు తానే చేయాలని, కోడలికి పిండి ఉడికించడం రాదని చెప్పింది. వసంతానికి ఇంకా ఏడు నెలలుంది. నేను బుట్ట తీసుకుని ముందుగా దిగి వచ్చేశాను. ఆమె ముందు ఏడవడం నాకు ఇష్టం లేదు.


ఓడకు పధ్నాలుగు రోజులు

లిన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఫూజియాన్ తీరపు వడ్రంగి. చట్టం తయారుచేసిన ఐదుగురిలో నేను, ఆయన ఇద్దరమే మిగిలాం. చైనా వాళ్ళ పద్ధతిలో నన్ను వృత్తితోనే పిలుస్తాడు. ఎండు లిచీ పళ్ళ సంచి ముందు పెట్టాడు.

"తీసుకోండి పంతులమ్మగారూ."

"వద్దు లిన్ గారూ."

సంచి వెనక్కి లాక్కుని పక్కన పెట్టుకున్నాడు. "మీ చట్టం వచ్చాక నా ఇంట్లో లిచీలు బాగా మిగులుతున్నాయి," అన్నాడు. "వెనకటికి ఈ సంచి మీ జేబులో దూర్చడానికి వీధి చివరిదాకా పరుగెత్తేవాణ్ణి. మీరు నా చొక్కా పట్టుకుని లాగేవారు. మోకాళ్ళకు మంచి వ్యాయామం."

"వేళాకోళానికి రాలేదు."

"నేనూ వేళాకోళం చేయడం లేదు. కోడలు పళ్ళెంలో ఒకసారి వడ్డిస్తుంది. ఇంకా వేయమంటారా మామయ్యా అంటుంది. చాలమ్మా అంటాను. నిజంగానే చాలనుకుని గిన్నె తీసేస్తుంది. పదేళ్ళనుంచి మా ఇంట్లో నేను సగం కడుపుతో లేస్తున్నాను."

"వేయమని చెప్పొచ్చుగా?"

ఆయన నా వంక వింతగా చూశాడు. "మీరు మా భాష మాకంటే బాగా మాట్లాడతారు," అన్నాడు. "కాని మీరు మా ఇంట్లో పుట్టలేదు."

మల్సున్ సంగతి చెప్పాను. సభకు వినతి రాస్తే తానూ సంతకం పెడతానన్నాడు. పెట్టాడు. ఆ వినతి ముప్పై ఏడు పంక్తులు. నేను రాసినవాటిలో అంత జాగ్రత్తగా రాసినది ఇంకొకటి లేదు. కొన్ని భాషల్లో మొదటి వద్దు జవాబు కాదని, అది అడిగినవాళ్ళకు ఇచ్చే గౌరవమని, ఎదుటివాళ్ళ మాటలో నిజమెంతో తూచడానికి దొరికే విరామమని, ఆ విరామాన్ని జవాబుగా నమోదు చేయడం పొరపాటని రాశాను. మల్సున్ చదువుకోనిది కాదని, అమాయకురాలు కాదని, మంచి పెంపకంలో పెరిగినదని రాశాను.


ఓడకు పదకొండు రోజులు

సభ నుంచి సమాధానం వచ్చింది. ఆరు పంక్తులు. నా పట్ల గౌరవంతో మొదలైంది. వద్దు వెనక దాగిన కోరికను వెతకడం మొదలుపెడితే ఏ వద్దూ నిలవదని, ఏ ఆడదాని వద్దు ఏమిటో తేల్చే అధికారం మళ్ళీ ఇతరుల చేతికి వెళుతుందని, ఇది నేను పదేళ్ళ కిందట సభకు నేర్పిన విషయమేనని ఉంది. వినతి తిరస్కరించారు.

తప్పు పట్టడానికి ఒక్క మాట దొరకలేదు. నేనే ఆ సభలో ఉంటే అదే రాసేదాన్ని, ఇంకా గట్టిగా.

మధ్యాహ్నం మల్సున్‌ను వైద్యశాలకు తీసుకువెళ్ళి గాలి గొట్టం పెట్టి సాయంకాలానికి తిరిగి పంపారు. నా తలుపు సందులోంచి చూశాను. గొట్టం మెడకు వేలాడుతూనే ఉంది, ఆమె మంచం పక్క బల్ల మీద కప్పులు రెండూ బోర్లించి ఉన్నాయి. నన్ను చూసి చెయ్యి ఊపింది. తలుపు తీసే ఉంచమని కోడలికి చెబుతోంది, ఎవరైనా వస్తే వెనక్కి పోకుండా.

నా తలుపుకూ ఆమె తలుపుకూ మధ్య దూరం తొమ్మిది అడుగులు. ఈ నెలలో దాన్ని చాలాసార్లు కొలిచాను.


ఓడకు తొమ్మిది రోజులు

ఈ రెండు రోజులూ చట్టం మొత్తం మళ్ళీ చదివాను, నలభై ఒక్క నిబంధనలు. నా వాక్యాలు నాకే నచ్చాయి. ఎక్కడా సందు లేదు. ఒక్కరు కూడా తప్పించుకుపోవడానికి వీల్లేకుండా రాశాను.

పద్నాలుగో నిబంధన దగ్గర ఆగాను. ఒత్తిడివల్ల వచ్చిన జవాబు చెల్లదు. ఒత్తిడికి లోనైన వ్యక్తిని వరసగా మూడు రోజులు, రోజుకొక అధికారి, విడివిడిగా అడగాలి. మూడో రోజు జవాబే జవాబు. ఈ మూడు అన్న అంకె లిన్ గారు పట్టుబట్టి పెట్టించినది. భయపడిన మనిషి ఒక్కరోజులో కోలుకోదని వాదించాడు. ఒక్కసారి చాలునని నేను వాదించి ఓడిపోయాను. అప్పట్లో దాన్ని ఆయన మొండితనమనుకున్నాను.

దాని కిందే నేను రాసినవి ఉన్నాయి. ఒత్తిడికి లోనైన వ్యక్తి జరగలేదని చెప్పినా దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, ఎందుకంటే భయంవల్ల అలా అంటారు. ఒత్తిడి చేసిన వ్యక్తి ఒప్పుకుంటే విచారణ అవసరం లేదు. ఆ వ్యక్తి వరసలో తన చోటును, జవాబు హక్కును కోల్పోతుంది. ఇక జీవితాంతం ఆమె తరఫున ఒక ప్రతినిధి జవాబు చెబుతాడు.

రెండో తెప్ప మీద కందాళ రంగాచారి గారున్నారు. మూడేళ్ళ కిందట తమ్ముణ్ణి ఇల్లు మారమని నాలుగుసార్లు అడిగినందుకు ఆయనకు ప్రతినిధిని పెట్టారు. ఆ ప్రతినిధి అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు, మర్యాదస్తుడు. భోజనశాలలో వడ్డించేవాళ్ళు, "ఈయనకు పెరుగు వేయమంటారా?" అని ఆ అబ్బాయిని అడుగుతారు. రంగాచారి గారు పళ్ళెం పట్టుకుని గోడ వంక చూస్తూ నిలబడతారు. అబ్బాయి ఏది మంచిదో అదే చెబుతాడు. ఎప్పుడూ తప్పు చెప్పలేదు. రంగాచారి గారు మాట్లాడటం మానేసి రెండేళ్ళయింది.

ఆ మనిషిని చూసినప్పుడల్లా నేను దారి మార్చి నడిచేదాన్ని.


ఓడకు ఎనిమిది రోజులు

ఈ ఉదయం తొమ్మిది గంటలకు నమోదు కార్యాలయంలో వాంగ్మూలం ఇచ్చాను. లిన్ గారికి చెప్పలేదు. ఎవరినీ సలహా అడగలేదు. ఒక నిర్ణయం తీసుకోవడానికి ఇంకొకరిని అడగడం నాకు ఎప్పుడూ అలవాటు లేదు. ఇది ఆఖరిది గనుక దీనిలోనూ ఆ అలవాటు తప్పదలచుకోలేదు.

వాంగ్మూలం ఇది: వరసలో తర్వాతి పేరు నాదని ముందుగానే తెలుసుకున్నాను. అధికారి రాకముందు ఆదివారంనాడు మల్సున్ గారి గదికి వెళ్ళి, అడిగినప్పుడు వద్దని చెప్పమని ఒకసారి కాదు, మూడుసార్లు ఒత్తిడి చేశాను. సోమవారం ఆమె తప్పక అలాగే చెప్పేలా చూసేందుకు పక్కనే కూర్చున్నాను.

ఇందులో చివరి రెండు మాటలు మాత్రమే నిజం. పక్కనే కూర్చున్నాను. తీసుకో ఒన్నీ అని అప్పుడు నేను అని ఉంటే, నా శిక్ష ఇదే అయి ఉండేది. మొలకలు తుంచుతూ ఊరుకున్నందుకు ఏ శిక్షా లేదు. ఆ తేడాను సరిచేసే నిబంధన నేను రాయలేదు.

రేపటినుంచి మూడు రోజులు ముగ్గురు అధికారులు మల్సున్ గదికి వెళతారు. మొదటిరోజు ఆమె నవ్వుతూ వద్దంటుంది. రెండోరోజు కాస్త నెమ్మదిగా వద్దంటుంది. మూడోరోజు ఏమంటుందో నేను చెప్పలేను. ఎందుకంటే ముందుగా ఆమెకు నా వాంగ్మూలం చదివి వినిపిస్తారు. చెవిపూస దాన్ని తప్పుల్లేకుండా కొరియాలోకి మారుస్తుంది. ఆరేళ్ళుగా తనను ఒన్నీ అని పిలిచిన మనిషి పొర కోసం తనను మోసం చేసిందని వింటుంది. ఆదివారం సంగతి అబద్ధమని చెబుతుంది, అది లెక్కలోకి రాదు. వరసలో నా పేరుందని ముందే తెలిసి పక్కన కూర్చున్నానన్నది మాత్రం ఆ తర్వాత నమ్ముతుందేమో. నమ్మితే ఆ కోపంతోనైనా తీసుకుంటుందని ఒక ఆశ. ఆ అవమానం భరించలేక మూడోసారీ వద్దంటుందని ఒక భయం. ఏది జరిగినా నేను ఆమెకు నిజం చెప్పడానికి వీల్లేదు. చెబితే వాంగ్మూలం చెల్లదు, ఆమె మొదటి వద్దే మళ్ళీ జవాబవుతుంది.

ఈ కాగితాలను గ్రంథాలయంలో, మనిషి పోయాక తెరిచే అరలో పెట్టించడానికి ఇప్పుడే బయలుదేరుతున్నాను. మధ్యాహ్నం మూడు గంటలకు ప్రతినిధి వస్తాడు. ఆ తర్వాత నేను రాయాలా, వద్దా అన్నది అతన్ని అడుగుతారు.

ఇంకొక్క విషయం మిగిలింది. వాంగ్మూలం అంతా విన్నాక ప్రవల్లిక తెల్లబోయింది. ఛాతీ మీద బిళ్ళ తిన్నగా సర్దుకుంది.

"అమ్మగారూ, ఇది నిజమేనాండి?"

"నిజం," అన్నాను.

ఆ పిల్ల నమ్మలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని నా మొహంలోకి చూసింది. నోరు తెరిచింది. మాట పెదవి దాకా వచ్చింది. మంచి పిల్ల, చక్కగా నేర్చుకుంది. నోరు మూసుకుంది. బిళ్ళ పచ్చగా వెలిగింది, నేను సంతకం చేశాను.